బాల్చీ ఎందుకు తన్నాలి?

నేను తెలుగు మాష్టారిని. తెలుగులో ఎమ్మే చదివి, చాలా ఏళ్ళుగా కాలేజీ కుర్రకారుకు ఆ తెలుగే చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అటువంటివాడికి ఇంగ్లీషు జాతీయాల గొడవ ఎందుకని మీకు తోచవచ్చు. మా ఇంటావిడకూ తోచింది. తోచినమాట అడిగేసింది కూడాను.

ఎందుకంటే, మా వీధిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నలుగురున్నారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి పరీక్షల్లో ఫలానా ఇంగ్లీషు జాతీయానికి అర్థమేమిటని ప్రశ్నలు వస్తూంటాయి. దానికోసం ఈ పిల్లలు లావుపాటి పుస్తకమొకటి కొనుక్కుని, పొద్దున్నే డాబామీద పచార్లు చేస్తూ వల్లె వేస్తారు. "కిక్ ది బకెట్ - చనిపోవుట. స్పిల్ ది బీన్స్ - రహస్యము బయటపెట్టుట. అండర్ ది వెదర్ - ఒంట్లో బాగుండకపోవుట." ఎక్కాలు వల్లించినట్టే. ఒక రోజున వాళ్ళలో ఒక అమ్మాయి గోడమీదినుంచి తొంగిచూసి, "మాష్టారూ, బాల్చీ తంతే మనిషెందుకు చస్తాడండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషికి మాత్రం తట్టినట్టు లేదు.

జాతీయం అనేది అసలే చిత్రమైన సరుకు. మాటలు విడివిడిగా తెలిసినంత మాత్రాన మొత్తం అర్థం చేతికి రాదు. "వాడు నీళ్ళు నమిలాడు" అంటాం. నీళ్ళు ఎవరూ నమలరు. "చెవిలో పువ్వు పెట్టాడు", "చేతులెత్తేశాడు", "గంగవెర్రులెత్తాడు" - ఇవన్నీ ఉగ్గుపాలతో వచ్చినవి కాబట్టి మనకు వింతగా కనిపించవు. ఇంగ్లీషువాడికి వాడి బాల్చీ కూడా అంతే. తంతే ఎందుకు చస్తాడని వాడూ ఆలోచించడు. ఆలోచించవలసినవాళ్ళం మనం, పరాయి భాషను పుస్తకంలోంచి నేర్చుకునేవాళ్ళం.

సరే, బాల్చీ సంగతే ముందు తేల్చుకుందాం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండను వీధుల్లో వినిపించే మోటుమాటలతో నిఘంటువొకటి వేశాడు. అప్పటికే అందులో ఈ మాట వుంది, చచ్చిపోవడమనే అర్థంతోనే. నిఘంటుకారులు ఎక్కువగా చెప్పే వివరణ ఏమిటంటే, ఇంగ్లండులో కొన్ని పల్లెల యాసలో "బకెట్" అంటే బాల్చీ కాదు, దూలం. కోసిన పందిని కాళ్ళు కట్టి దూలానికి తలకిందులుగా వేలాడదీసేవారు. అది గిలగిల కొట్టుకుంటూ ఆ దూలాన్ని తన్నేది. ఇదే నిజమని ఒట్టు పెట్టుకోనక్కరలేదు గాని, ఉరిపోసుకునేవాడు బాల్చీమీద నిలబడి దాన్ని తన్నేశాడనే కథకంటె ఇది నమ్మదగినదిగా వుంది.

తమాషా ఏమిటంటే, మన కుర్రకారు "బాల్చీ తన్నేశాడు" అని తెలుగులోనే అనేస్తూ వుంటారు. ఇంగ్లీషువాడి దూలం మన నోట్లో నీళ్ళ బాల్చీ అయి కూర్చుంది. ఆ బాల్చీ మాట మాత్రం మనదా? పోర్చుగీసువాళ్ళ ఓడల్లో దిగివచ్చినదే.

దీని అర్థం "చనిపోవుట" అని రాసి వూరుకోవడం నాకు ఒప్పుదల కాదు. మనలో చావుకు ఎన్ని మాటలున్నాయో చూడండి. పెద్దలు కాలం చేస్తారు, స్వర్గస్థులవుతారు, పక్కింటాయన పోతాడు, గిట్టనివాడు గుటుక్కుమంటాడు. ఎవరి మాట వాళ్ళదే. కిక్ ది బకెట్ అనేది ఈ గుటుక్కుమనే జాతి మాట. మా కాలేజీలోనే ఒక కుర్రవాడు తాతగారు పోయారని సెలవు చీటీ రాస్తూ, పుస్తకంలో నేర్చుకున్నది వృథా కారాదని కాబోలు, తాతగారిచేత బాల్చీ తన్నించాడు. అర్థం తప్పు కాదు. మర్యాదే తప్పింది. ఇంగ్లీషు మాష్టారు ఆ చీటీ పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చి నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోయారు. కుర్రవాడి కళ్ళు అప్పటికింకా ఎర్రగానే వున్నాయట. పాపం, తాతగారి దగ్గరే పెరిగినవాడు.

అంచేత ఎవరితో, ఎప్పుడు అనవచ్చునో తెలియనిదే జాతీయం అర్థం తెలిసినట్టు కాదు. ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పదు. చెప్పేది ఆ మాట పుట్టిన చోటు. కాస్త ఆ చోట్లకు పోయివద్దాం.

ఇంగ్లండు ద్వీపం. ఆ దేశంలో ఎక్కడ నిలబడినా సముద్రం 120 కిలోమీటర్లకు మించి దూరంలో వుండదు. శతాబ్దాల తరబడి వాళ్ళ వ్యాపారం, యుద్ధం, తిండి అన్నీ తెరచాప ఓడలమీదే. కనుక వాళ్ళ నుడికారమంతా ఉప్పుగాలి కొడుతూ వుంటుంది. మనవాళ్ళు పేజీకి ఒకసారి రాసే "బై అండ్ లార్జ్" - అంటే మొత్తంమీద - ఓడ కళాసుల మాట. గాలికి ఎదురుగా వీలయినంత దగ్గరగా పోవడం ఒక పద్ధతి; గాలి వెనకనుంచి తోస్తూంటే హాయిగా పోవడం రెండోది. మొదటిది "బై", రెండోది "లార్జ్". రెండు విధాలా బాగా నడిచే ఓడ మంచి ఓడ. ఎటునుంచి ఎటు చూసినా అనే అర్థం అక్కణ్ణుంచి వచ్చింది.

"టేకెన్ అబ్యాక్" అంటే నిర్ఘాంతపోయాడని అర్థం. సాఫీగా పోతూన్న ఓడకు ఉన్నట్టుండి గాలి తిరిగి ఎదురుగా కొడితే, తెరచాపలు వెనక్కు వెళ్ళి కొయ్యకు అంటుకుపోతాయి. అంత ఓడా ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. మన "కొయ్యబారిపోయాడు" అనే మాట ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో! ఇది తెలిసిన పిల్లవాడు ఆ జాతీయాన్ని మరి మరిచిపోడు. సామాన్యమైన ఆశ్చర్యానికి దాన్ని వాడనూ వాడడు. అది హఠాత్తుగా తగిలిన దెబ్బకే చెల్లుతుంది.

ఇక "త్రీ షీట్స్ టు ది విండ్". తప్పతాగి తూలుతున్నాడని అర్థం. షీటు అనగానే మనకు దుప్పటో కాగితమో తోస్తుంది. కొంచెం చదువుకున్నవారికి తెరచాప తోస్తుంది. ఏదీ కాదు. ఓడవాళ్ళ భాషలో షీటంటే తాడు, తెరచాప కింది మూలను పట్టి వుంచే తాడు. అటువంటివి మూడు వదులై గాలికి కొట్టుకుంటూంటే చాపలు పట్టుతప్పి ఓడ కల్లుపాకనుంచి వస్తున్నవాడిలాగే నడుస్తుంది. ఒక్క మాటకు ఆ వృత్తిలో వున్న అర్థం తెలియకపోతే జాతీయం మొత్తం తాళం వేసిన పెట్టె.

"ట్రూ కలర్స్" సంగతీ అంతే. కలర్స్ అంటే ఇక్కడ రంగులు కావు, ఓడమీది జెండా. వెనకటి రోజుల్లో శత్రువు ఓడను సమీపించేదాకా దొంగ జెండా ఎగరేసి, తీరా ఫిరంగులు పేల్చే వేళకు అసలు జెండా ఎత్తేవారు. మనమూ "అసలు రంగు బయటపడింది" అంటాం. కాని మనకు ఆ మాట వినగానే గుర్తుకు వచ్చేది జెండా కాదు, పంచతంత్రంలో నీలిమందు తొట్టిలో పడి రాజయిపోయిన నక్క.

సముద్రం వదిలే ముందు నెల్సన్ కథ చెప్పకపోతే పాపం. 1794లో కోర్సికా ద్వీపంలో కాల్వి ముట్టడిలో ఆయన కుడికంటి చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్ హేగన్ దగ్గర నౌకాయుద్ధం ముమ్మరంగా సాగుతూండగా, పై అధికారి హైడ్ పార్కర్ వెనక్కు రమ్మని జెండాలతో సంకేతం ఇచ్చాడు. నెల్సన్ దుర్భిణిని తన గుడ్డికంటికి ఆనించుకుని, "నాకేమీ కనబడడం లేదే" అన్నాడనీ, యుద్ధం సాగించి గెలిచాడనీ ప్రసిద్ధి. "టర్న్ ఎ బ్లైండ్ ఐ" అనే పలుకుబడికి ఇంగ్లీషువాళ్ళు ఈ కథే చెప్పుకుంటారు. ఆ మాట అంతకు ముందునుంచీ వుండివుండవచ్చు గాని, దానికి ప్రాణం పోసింది మాత్రం నెల్సన్. మన "చూసీ చూడనట్టు వూరుకోవడం" సరిగ్గా ఇదే. మరి మన మునిసిపాలిటీలలో నెల్సన్లకు కొదవ లేదు.

మనకూ పొడవాటి సముద్రతీరం వుంది. అయినా మన జాతీయాలు చాలావరకు పొలంలోనూ వంటింట్లోనూ పుట్టాయి. బెస్తవారి నోట ఎన్ని చక్కని పలుకుబళ్ళున్నాయో మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదేమో అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం. వంటింటి విషయంలో మాత్రం ఇద్దరమూ కలుస్తాం. ఇంగ్లీషువాడు పెనంమీదినుంచి మంటలో పడతాడు. మనం పెనంమీదినుంచి పొయ్యిలో పడతాం. వాడి పరిమళ లేపనంలో ఈగ పడుతుంది - అది బైబిలులోని మాట - మన పానకంలో పుడక పడుతుంది. పానకంలో పుడకే నయమని నేనంటాను. తీసి పారేసి తాగవచ్చు. వాడు ఎలుకతవ్వుడు మట్టికుప్పను పర్వతం చేస్తాడు, మనం గోరంతను కొండంత చేస్తాం. వాడి సాయం సముద్రంలో నీటిబొట్టు. మనది సముద్రంలో కాకిరెట్ట. మనవాళ్ళు కొంచెం ఘాటు ఎక్కువ!

న్యూకాజిల్ కు బొగ్గులు మోసుకుపోవడమని ఇంకొకటి వుంది. టైన్ నదిమీది ఆ రేవునుంచే లండనుకు ఓడలమీద బొగ్గు పోయేది. ఆ వూరికే బొగ్గు పట్టుకుపోయేవాణ్ణి ఏమనాలి? దీన్ని "సింగరేణికి బొగ్గు పంపినట్టు" అని మా విద్యార్థి ఒకడు తెలిగించాడు. మార్కులు ధారాళంగా వేశాను.

ఇంతవరకు సరదాగా చెప్పుకొచ్చాను గాని, అన్నీ సరదా విషయాలు కావు. నా దగ్గర చదువుకుని, తరవాత హైదరాబాదులో కంప్యూటర్ల చదువు ముగించి అమెరికా వెళ్ళిన కుర్రవాడొకడున్నాడు. బుద్ధిమంతుడు. లెక్కల్లో దిట్ట. ఇంగ్లీషు పుస్తకాలు చదివినంత వేగంగా మాట్లాడడం రానివాడు. ఇక్కడ చెల్లెలి పెళ్ళి కుదిరింది. మూడు వారాలు సెలవు కావాలని ఆఫీసులో అర్జీ పెట్టుకుని జవాబుకోసం ఎదురుచూస్తున్నాడు. ఒక శుక్రవారం సాయంత్రం పై అధికారి గదిలోకి పిలిచి, చాలా మెత్తగా, ఎంతో విచారంగా, "వుయ్ హావ్ టు లెట్ యూ గో" అన్నాడు.

మావాడు పొంగిపోయాడు. పోనిస్తున్నామంటున్నారు గదా! సెలవు దొరికిందనుకున్నాడు. ఆయన మొహం అలా ఎందుకు పెట్టాడో తెలియలేదు గాని, పని ఎక్కువగా వున్న రోజులలో పంపవలసివస్తున్నందుకు కాబోలనుకున్నాడు. రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఆ అధికారి తెల్లబోయాడట. ఇంటికి రాగానే తండ్రికి ఫోను చేసి వస్తున్నానని చెప్పాడు. ఆ రాత్రే విమానం టిక్కెట్టు కొన్నాడు. తండ్రి మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, "అబ్బాయికి సెలవిచ్చారండీ" అని శుభవార్త చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు.

సోమవారం నాడు ఆఫీసు తలుపు అతని కార్డుకు తెరుచుకోలేదు.

"లెట్ గో" అంటే పోనివ్వడమే. ఆ మాటా నిజమే. కాని యజమాని నోట అది ఉద్యోగంలోంచి తీసివేయడం. వీసా మీద వెళ్ళినవాడికి ఉద్యోగం పోతే అక్కడ ఎక్కువ వ్యవధి వుండదు. 2017లో వచ్చిన నిబంధన ప్రకారం అరవై రోజులవరకు గడువు దొరుకుతుంది. ఆలోగా మరో కొలువు చూసుకోవాలి. దేశం దాటి వస్తే తిరిగి వెళ్ళడం మరో పెద్ద గొడవ. మావాడు పెళ్ళికి రాలేదు. అన్నగారు చేయవలసిన లాంఛనాలన్నీ బాబాయి కొడుకు చేశాడు. పీటలమీద పెళ్ళికూతురు మాటిమాటికీ వీధి గుమ్మంవైపు చూస్తూండడం నేను స్వయంగా చూశాను. గడువు తీరడానికి వారం రోజులుందనగా అతనికి వేరేచోట కొలువు దొరికింది, అదొక్కటే అదృష్టం.

ఆ జాతీయం ముందే తెలిసివుంటే ఉద్యోగం పోకుండా వుండేదా? వుండదు. కాని ఆ శుక్రవారంనాడు ఎందుకు తీసేస్తున్నారు, ఎన్ని రోజుల జీతం వస్తుంది, మరో శాఖలో చోటుందా - ఇన్ని ప్రశ్నలు అడగవలసినచోట మనవాడు థాంక్సు చెప్పి వచ్చాడు. ఆ తండ్రి ఇప్పటికీ నాతో అనేమాట ఒకటే: "పోమ్మని చెప్పడానికి ఇంత మెత్తగా చెప్పాలాండీ?"

మెత్తగా చెప్పేవాళ్ళు వాళ్ళొక్కరేనా? ఇంట్లో బియ్యం అయిపోతే మన ఆడవాళ్ళు "నిండుకున్నాయి" అంటారు. కొత్తగా తెలుగు నేర్చిన దొర ఆ మాట వింటే డబ్బా నిండుగా వుందని సంచీ పట్టుకోకుండా కూర్చుంటాడు. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటాం. గుమ్మం దాటేవాడు "వెళ్తాను" అనడు, "వస్తాను" అంటాడు. అశుభం నోటంట రాకూడదని మన బాధ. చేదుమాట నేరుగా అనకూడదని వాళ్ళ బాధ. ఇటువంటివే అసలైన ప్రమాదస్థలాలు. బాల్చీలూ పిల్లులూ కుక్కలూ మనిషిని ముంచవు. వింతగా వుంటాయి గనుక ఇందులో ఏదో మెలిక వుందని మనమే అనుమానిస్తాం. ముంచేవి చిన్న చిన్న మాటలు, విన్నవెంటనే అర్థమయినట్టు కనిపించేవి. పరీక్షల పుస్తకాలలో ఇవి కనిపించడమే అరుదు.

పిల్లులూ కుక్కలూ అన్నాను కాబట్టి - "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోతగా వాన. గడ్డికప్పుల మీద పడుకున్న పిల్లులు వానకు జారిపడేవని చెప్పే కథను నమ్మకండి. దాని పుట్టుక ఎవరికీ తేలలేదు. 1738లో జొనాథన్ స్విఫ్ట్ అచ్చువేయించిన సంభాషణల పుస్తకంలో వుంది కాబట్టి పాతదేననడం ఖాయం. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు దాన్ని అంతగా అనరు; మన బడిపిల్లల వ్యాసాలలోనే ఆ వాన ఎక్కువగా కురుస్తూంటుంది.

ఇంగ్లీషువాళ్ళలో వాళ్ళకే మాట కుదరని సందర్భాలున్నాయంటే మీకు కొంత ఊరట కలుగుతుంది. ఒక విషయాన్ని "టేబుల్" చేయడమంటే బ్రిటనులో చర్చకు పెట్టడం. అమెరికాలో అదే మాటకు చర్చించకుండా పక్కన పెట్టడమని అర్థం. రెండో ప్రపంచయుద్ధంలో ఉభయ దేశాల సేనానులూ ఒక కాగితం విషయమై ఈ మాటమీద చాలాసేపు వాదించుకున్నారనీ, తీరా చూస్తే ఇద్దరూ కోరినది ఒకటేననీ చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాసుకున్నాడు. మన శాసనసభలలో కాగితాలు "బల్లమీద వుంచడం" బ్రిటిషు పద్ధతే.

ఇంకొక వింత. కొన్ని జాతీయాలు పుట్టిందే అనువాదంలో తేడావల్ల. పండోరా అనే ఆవిడ తెరిచింది పెట్టె కాదు. గ్రీకు కవి హేసియడ్ చెప్పింది పెద్ద బాన, మన పల్లెటూళ్ళలో ధాన్యానికీ నూనెకూ వాడినటువంటిది. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్ అనే మహాపండితుడు దాన్ని లాటినులో చెబుతూ చిన్న పెట్టె చేశాడు. అప్పటినుంచి లోకమంతా పండోరా పెట్టె అంటోంది, మన పత్రికలతో సహా. "తేనెతుట్టెను కదిపారు" అని తెలుగులో హాయిగా రాయవచ్చు గదా అని నా గొణుగుడు.

అదే ఎరాస్మస్ చేతిలో ఇంకొకటి మారింది. గ్రీకులో ముక్కుసూటి మనుషులను "తొట్టిని తొట్టి అనేవాళ్ళు" అని ప్లూటార్కు అన్నాడు. ఎరాస్మస్ ఆ తొట్టిని తవ్వే పనిముట్టుగా తీసుకున్నాడు. 1542లో నికొలాస్ యూడాల్ దాన్ని ఇంగ్లీషులో పార చేశాడు. "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్" అలా వచ్చింది. మనం "కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు" అంటాం. తొట్టి పారయింది, పార మన దగ్గర కుండ. అమెరికాలో పిల్లలున్నవారికి ఒక్కమాట: అక్కడ "స్పేడ్" అనేది నల్లవారిని కించపరిచే తిట్టుగా కూడా వాడుకలోకి వచ్చింది. అంచేత తెలిసినవాళ్ళు ఈ జాతీయాన్నే మానేశారు. పుస్తకంలో చూసి నేర్చుకున్న అమాయకుడు అక్కడ మంచి మాట అనుకుని అంటే మనిషి దూరమవుతాడు.

మన పత్రికలు రోజూ వాడే మాటల్లోనూ ఇంగ్లీషు జాతీయాలు తెలుగు పంచె కట్టుకుని తిరుగుతున్నాయి. "బడ్జెట్టులో సింహభాగం" అని రాస్తాం. ఈసపు కథలో సింహం పెద్ద వాటా తీసుకుని వూరుకోలేదు. ఒకటి రాజునని, ఒకటి బలవంతుణ్ణని, ఇలా ఏదో ఒక వంక చెప్పి వేటాడిన దాన్నంతా తనే కాజేసింది. కనుక సింహభాగమంటే మొదట్లో మొత్తమే! "మొసలి కన్నీరు" కూడా వాళ్ళకు బాగా పాతది. మాండవిల్ పేరుతో పధ్నాలుగో శతాబ్దంలో చెలామణీ అయిన యాత్రాగ్రంథంలో మొసళ్ళు మనిషిని తింటూ ఏడుస్తాయని వుంది.

"కొత్త సీసాలో పాత సారా" అన్నది మరీ చిత్రం. బైబిలులో చెప్పింది దీనికి తలకిందులు. కొత్త ద్రాక్షరసాన్ని పాత తిత్తుల్లో పోయకూడదని అక్కడి మాట. కొత్త రసం పులిసి పొంగుతుంది; ఎండి బిగుసుకుపోయిన పాత తోలు సాగలేక పిగులుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆ తోలుతిత్తులను "బాటిల్స్" అంది. ఆ తరవాత తిత్తి కాస్తా గాజుసీసా అయింది, కొత్తదీ పాతదీ చోట్లు మార్చుకున్నాయి, హెచ్చరిక కాస్తా వెటకారం అయింది. తెలుగు బైబిలు అనువదించినవారు మాత్రం తిత్తి అనే రాశారు. వారికి నా నమస్కారం.

అటువంటి శ్రద్ధ మన మాటలపట్ల చూపిన ఇంగ్లీషువాడూ ఒకడున్నాడు. కెప్టెన్ కార్ అనే సైనికోద్యోగి 1868లో మద్రాసులో తెలుగు సామెతల సంపుటం అచ్చువేయించాడు. సామెతకు ముందు మాటకు మాట ఇంగ్లీషు, ఆ పైన అవసరమయినచోట అది ఏ సందర్భంలో అంటారో వివరణ, వీలయినచోట తమ భాషలో దానికి దగ్గరి మాట. మా వీధి పిల్లలకు నేను చేయించేది ఈ పద్ధతే. ఎడమవైపు ఇంగ్లీషు జాతీయం, పక్కన అందులోని వస్తువేమిటి - తాడా, దూలమా, తిత్తా - ఆ పక్కన మన ఇంట్లో ఈ మాట ఎవరు అంటారు. రోజుకు రెండే. ఇరవై వల్లించేవాళ్ళకంటె వెనకబడిపోతామని మొదట్లో బెంగపెట్టుకున్నారు గాని, ఇప్పుడు వాళ్ళే నన్ను విడిచిపెట్టడం లేదు.

మొన్న ఆ గోడమీది అమ్మాయి "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" పట్టుకొచ్చింది. అంటే ఎప్పుడో అరుదుగా అని. "నీలిచంద్రుడు నిజంగా వుంటాడా మాష్టారూ?" అంది. వెనకటికి ఇంగ్లీషులో చందమామ నీలంగా వుందనడం నమ్మశక్యంకాని మాటకు గుర్తు. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అనడం చాలా తరవాతి సంగతి. 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో పాత పంచాంగాన్ని పొరపాటుగా చదివి రాసిన వ్యాసంనుంచి అది వ్యాపించింది. మనం "అమావాస్యకో పున్నానికో" అంటాం. లెక్కకు చూస్తే మనవి నెలకు రెండుసార్లు వస్తాయి, వాళ్ళది దాదాపు రెండేళ్ళ ఎనిమిది నెలలకు ఒకసారి. అయినా భావం ఒకటే.

ఆ లెక్క విని ఆ పిల్ల, "ఇది అధికమాసం లెక్కలా వుందే!" అంది. నిజమే. చాంద్రమానపు ఏడాది సూర్యుడి ఏడాదికంటె సుమారు పదకొండు రోజులు తక్కువ. ఆ మిగులు పోగుపడే మనకు పందొమ్మిదేళ్ళలో ఏడు అధికమాసాలు వస్తాయి. వాళ్ళకు ఇంచుమించు అన్ని నీలిచంద్రులూ వస్తారు. 2023 ఆగస్టులో రెండు పున్నములు వచ్చాయి - ఒకటి అధిక శ్రావణ పున్నమి, రెండోది నిజ శ్రావణ పున్నమి. 2026 మే నెలలోనూ 1న ఒకటి, 31న ఒకటి. ఆ ఏడు అధిక జ్యేష్ఠం. ఇదంతా కాగితంమీద వేసి చూపించాను. ఆ పిల్ల కాగితం లాక్కుని, "మా నాయనమ్మ అధికమాసంలో గాజులు కూడా కొననివ్వలేదండీ, ఆవిడకు చెప్పాలి, ఇంగ్లీషువాళ్ళకూ వుందని!" అంటూ గోడ దిగి పరుగెత్తింది. అవతలినుంచి నాయనమ్మగారి గొంతు వినిపిస్తూనే వుంది: "వాళ్ళు మాత్రం ఆ నెలలో పెళ్ళిళ్ళు చేస్తారుటే?"